అడాపలీన్ 0.1 శాతం జెల్: డాక్టరు చీటీ లేకుండా కొనదగిన మందేనా?

మొటిమలకు పైపూతగా వాడే అడాపలీన్ 0.1 శాతం జెల్‌ను అమెరికాలో ఎవరైనా డాక్టరు చీటీ లేకుండా కొనుక్కోవచ్చు. అదే మందు బ్రిటన్‌లో, జపాన్‌లో చీటీ లేనిదే చేతికి రాదు. అమెరికాలో 1996లో చీటీ మందుగా అనుమతి పొందిన ఈ జెల్‌ను, ఇరవై ఏళ్ల వాడకం తరువాత 2016 జులైలో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 12 ఏళ్లు, ఆపై వయసువారి కోసం నేరుగా అమ్మడానికి అనుమతించింది. 0.3 శాతం జెల్ మాత్రం నేటికీ అక్కడ చీటీ మీదే దొరుకుతుంది. 0.1 శాతం జెల్‌ను నేరుగా అమ్మనివ్వడం సరైనదేనని నా అభిప్రాయం. ఎందుకంటే అడాపలీన్ వెలుతురుకు, బెంజాయిల్ పెరాక్సైడ్‌కు (మొటిమలకు వాడే మరో పైపూత మందు) ట్రెటినాయిన్ అనే అదే కోవకు చెందిన పాత మందు కన్నా బాగా తట్టుకుంటుంది, చర్మాన్ని మండించడం కూడా తక్కువే.

అయితే ఈ మందు ఓపిక కోరుతుంది. రాత్రి ముఖం కడుక్కుని, తడి పూర్తిగా ఆరిన తరువాత, శనగగింజంత జెల్‌ను ముఖమంతా పలుచగా రాయాలి. మొటిమ మీద మాత్రమే చుక్క పెడితే కొత్తవి రాకుండా ఆపే గుణం వృథా అవుతుంది. మొదటి వారాల్లో ముక్కు పక్క మడతల్లోనూ, పెదవుల మూలల్లోనూ పొట్టు లేస్తుంది, చెంపలు ఎర్రబడతాయి, కొందరికి మొటిమలు పెరిగినట్టు కూడా కనిపిస్తుంది. ఆ మూలలకు ముందుగా కాస్త వాజిలైన్ రాసుకుని, జెల్‌ను రోజు విడిచి రోజు వాడితే బాధ చాలా తగ్గుతుంది. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది కాబట్టి, మూడో వారంలోనే ట్యూబు పక్కన పడేసేవారికి ఇందులోని మేలు దక్కదు. పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు దీన్ని వాడకూడదు.

అడాపలీన్ దొరకని చోట బెంజాయిల్ పెరాక్సైడ్ మంచి ప్రత్యామ్నాయం. బ్రిటన్‌లో 5 శాతం జెల్‌ను ఫార్మసిస్టు చీటీ అడగకుండానే ఇస్తారు. జపాన్‌లో దీనికీ చీటీ కావాలి. దిండు గలీబులు, తువ్వాళ్ల రంగు పోగొడుతుంది కనుక తెల్లవి వాడుకోవడం మేలు.

నాకు నిజంగా ఆందోళన కలిగించేది వేరే ఉంది. చీటీ నియమం కాగితం మీదే మిగిలిన చోట "మొటిమలకు ఏదైనా ఇవ్వండి" అని అడిగితే, స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్ (చర్మం రంగు తగ్గించే మందు), ట్రెటినాయిన్ కలిపిన ట్యూబు చేతికి రావచ్చు. అలాంటి క్రీము కొద్ది రోజుల్లోనే ముఖాన్ని తేటగా చేస్తుంది, అందుకే దాన్ని నమ్మేస్తారు. నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి, సన్నని రక్తనాళాలు పైకి తేలి, ఆపగానే ఎరుపూ మొటిమలూ తిరగబెడతాయి. భారతదేశం 2018లో పలు స్టెరాయిడ్ పైపూతలను షెడ్యూల్ హెచ్ (డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితా) కిందికి తెచ్చింది ఇలాంటి దుర్వినియోగాన్ని ఆపడానికే. అందుచేత ఏ దేశంలో కొన్నా, పెద్ద అక్షరాల్లోని బ్రాండు పేరును కాక, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరును, శాతాన్ని చదవాలి. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్ అన్న స్టెరాయిడ్ పేర్లలో ఏది కనిపించినా ఆ ట్యూబును మొటిమల కోసం కొనకూడదు.

తేలికపాటి, మధ్యస్థాయి మొటిమలకు ఈ జెల్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. చర్మం లోపల నొప్పి పుట్టించే గడ్డలున్నా, మచ్చలు పడుతున్నా, మూడు నెలలు సక్రమంగా వాడినా మార్పు లేకపోయినా, చర్మవైద్యుల దగ్గరకు వెళ్లడంలో ఆలస్యం చేయకూడదు.