గీ కొనిపించి గీ క్లాసే ఎత్తేశారు, బీజేజే (బ్రెజిలియన్ జియు జిట్సు)లో కొత్తగా చేరేవాళ్ళు డబ్బు కట్టే ముందు చదవండి

పొద్దున్నించి కోపం తగ్గట్లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. పేరు రాయను గానీ హైదరాబాద్‌లో జియు జిట్సు కోసం ఒక్కసారి వెతికినా ఆ అకాడమీ రీల్స్ మీ ఫోన్‌లోకి వచ్చే ఉంటాయి, తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది.

ఆఫీసయ్యాక రాత్రి బ్యాచ్‌కి తప్ప రాలేనని చేరేటప్పుడే చెప్పా. గీతో (అంటే కాలర్, బెల్ట్ ఉన్న మందపాటి యూనిఫాంతో) మొదలుపెట్టాలా, ఆ యూనిఫాం లేకుండా ఆడే నో-గీతోనా అని అడిగితే కౌంటర్‌లో ఉన్నావిడా హెడ్ కోచూ ఇద్దరిదీ ఒకటే మాట, కొత్తవాళ్ళకి గీ కంపల్సరీ, గీలో బేసిక్స్ రాకుండా నో-గీ మ్యాట్ ఎక్కనివ్వం అని. ఆరు నెలల ఫీజు 30,000, మీద వాళ్ళ ప్యాచ్‌లు కుట్టిన గీ 9,500, బయట కొన్న గీ వేసుకోకూడదంట. రాత్రి ఏడున్నరకి గీ ఫండమెంటల్స్ అని టైమింగ్స్ వాట్సాప్‌లో పెట్టారు, అది చూసే కట్టా.

గీ క్లాస్ నాకు బాగా నచ్చింది కూడా. బట్ట పట్టుకుని ఆట నెమ్మదిగా నడుస్తుంది, కాలర్ చోక్ (కాలర్‌తో మెడ బిగించడం) ఎలా పడుతుందో, స్లీవ్ పట్టుకుని, పాదాలు అవతలివాడి చేతులకి ఆనించే స్పైడర్ గార్డ్‌లో అవతలి మనిషిని ఎలా ఆపుతారో ఆలోచించుకునే టైమ్ ఉంటుంది. గ్రిప్‌లకి వేళ్ళు వాచిపోయి మర్నాడు ల్యాప్‌టాప్ మీద టైప్ చేయడం కష్టమయ్యేది, అయినా సరే మళ్ళీ వెళ్ళాలనిపించేది. సరిగ్గా అలవాటు పడుతున్న టైమ్‌లో కొత్త టైమ్‌టేబుల్ వచ్చింది, రాత్రి బ్యాచ్ మొత్తం నో-గీ, గీ పొద్దున ఆరింటికి మాత్రమే. రాత్రి రావాలంటే వాళ్ళ లోగో ఉన్న రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే టాప్), షార్ట్స్ కొనాలి, ఇంకో 3,800. మొన్నటిదాకా గీ రానివాడు ఎక్కకూడదన్న నో-గీ మ్యాట్ డబ్బు కడితే ఇప్పుడు ఎక్కొచ్చన్నమాట!

నిన్న రాత్రి వెళ్ళి గీ వెనక్కి తీసుకోండి, లేదా మిగిలిన ఫీజన్నా ఇవ్వండి అని అడిగా. గీ ఉతికేశారు కదా, రిటర్న్ లేదన్నారు. వాట్సాప్ మెసేజ్ చూపిస్తే హెడ్ కోచ్ ఫోన్ వైపు కూడా చూడకుండా "అది రిసెప్షన్ వాళ్ళు పెట్టింది బ్రో, నేను పెట్టలేదు" అన్నాడు. అదే నోటితో గీ కంపల్సరీ అని చెప్పిన మనిషి. నేను గట్టిగా అడిగేసరికి "గీ నీ దగ్గరే ఉందిగా, మేమేమన్నా గుంజుకున్నామా? సీరియస్‌గా నేర్చుకునేటోడు పొద్దున లేస్తాడు" అన్నాడు, మ్యాట్ మీద అందరూ వింటుండగా. నన్ను కాల్చేసింది అది కూడా కాదు. మేం మాట్లాడుతుండగానే పక్కన ఒక కాలేజీ కుర్రాడికి ఏ2 సైజు గీ తొడిగి చూస్తున్నారు, కొత్తవాళ్ళకి గీ కంపల్సరీ అని అదే పాఠం చెప్తూ. నువ్వు ఏ టైమ్‌కి వస్తావు తమ్ముడూ అని నేను అడిగితే రాత్రికే అన్నా అన్నాడు. ఆ టైమ్‌లో గీ క్లాస్ లేదు అని నేనే చెప్పా. నన్ను బయటికి వెళ్ళమన్నారు.

అసలు గీ రాకపోతే నో-గీ రాదు అనేదే అబద్ధం. అమెరికన్ కోచ్ ఎడ్డీ బ్రావో పెట్టిన టెన్త్ ప్లానెట్ జియు జిట్సు స్కూళ్ళలో మొదటి రోజు నుంచీ గీ లేకుండానే నేర్పిస్తారు. 1998లో మొదలైన ఏడీసీసీ అనే పెద్ద గ్రాప్లింగ్ (పట్లు పట్టే ఆట) టోర్నమెంట్ మొత్తం నో-గీయే. బీజేజే పోటీలు నడిపే ఐబీజేజేఎఫ్ సంస్థ వాళ్ళు గీకి వేరే, నో-గీకి వేరే వరల్డ్స్ (ప్రపంచ పోటీలు) పెడతారు. గీలో పట్టుకోవడానికి బట్ట ఉంటుంది, నో-గీలో అండర్‌హుక్ (చంక కింద నుంచి చెయ్యి వేయడం), మణికట్టు, బాడీ లాక్ (నడుము చుట్టూ చేతులు బిగించడం) మీదే ఆట, చెమటకి జారిపోతుంటారు కాబట్టి స్పీడ్ ఎక్కువ. కొత్తవాడు దేంతోనైనా మొదలుపెట్టొచ్చు. మీరు వెళ్ళగలిగే టైమ్‌లో ఏ క్లాస్ ఉంటే అదే మీది.

ఇప్పుడు ఆ గీ అమ్ముదామన్నా వీపు నిండా వాళ్ళ పేరే, ప్యాచ్‌లు ఊడదీస్తే సూది రంధ్రాలు కనిపిస్తాయి, సగం రేటుకి కూడా అడగట్లేదు. ప్రీ-ష్రంక్ (ఉతికినా కుదించుకుపోదు) అని అమ్మింది ఉతికాక చేతులు పైకి పోయాయి, ఐబీజేజేఎఫ్ టోర్నమెంట్‌లో చెయ్యి చాపినప్పుడు స్లీవ్ మణికట్టుకి 5 సెంటీమీటర్ల లోపే ఉండాలి, అక్కడా పనికిరాదు.

కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చా, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, రసీదు అన్నీ పెట్టా. మీరెవరైనా అక్కడ ఇలాగే ఇరుక్కుంటే రసీదు పారేయకండి, మీరూ కంప్లైంట్ ఇవ్వండి.

ఇంకోటి, ట్రయల్ క్లాస్‌కి గీ అడిగితే చాలాచోట్ల వాళ్ళదే ఇస్తారు. ముందు నెల ఫీజు మాత్రమే కట్టండి, జేబులు జిప్పులు లేని షార్ట్స్, ఒంటికి అతుక్కునే టీషర్ట్‌తో నో-గీ కూడా ఒకసారి చూడండి, బయట కొన్న ప్లెయిన్ గీ ఒప్పుకుంటారా లేదా అనేది కట్టకముందే రాతలో తీసుకోండి. ఒప్పుకోమంటే వేరే జిమ్ చూసుకోండి.