లేపాక్షి, నిమ్మలకుంట, తాడిపత్రి: ఒక డాన్స్ హాలు కోసం తిరిగిన మూడు రోజులు

మా చెల్లెలు అనంతపురంలో పిల్లలకు కూచిపూడి నేర్పుతుంది. ఇన్నాళ్ళూ ఇంటి ముందు వరండాలోనే క్లాసులు జరిగాయి. ఈ ఏడాది మేడ మీద 24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పుతో ఒక హాలు వేసుకుంటోంది. ఇంటీరియర్ పని నాది. నాకు వంటిళ్ళు, బట్టల షాపులు, క్లినిక్‌లు చేసిన అనుభవం ఉంది గానీ నాట్యం కోసం గది చేయడం ఇదే మొదటిసారి.

మొదటి రోజు కూర్చున్నప్పుడు తను ఫోన్‌లో ప్రాగ్ నగరంలో ఉన్న డాన్సింగ్ హౌస్ ఫొటో చూపించింది. "అక్కా, ముందు గోడ ఇట్లా వంపుగా చేయొచ్చా?" అని అడిగింది. ఫ్రాంక్ గెహ్రీ, వ్లాడో మిలూనిచ్ కలిసి చేసిన ఆ భవనం 1996లో పూర్తయింది. ఫ్రెడ్ ఆస్టెయిర్, జింజర్ రోజర్స్ అనే నాట్య జంటను తలపించేలా గాజు బురుజు నడుము దగ్గర సన్నబడి పక్కనున్న కాంక్రీటు బురుజు మీదికి ఒరిగి ఉంటుంది. నాకూ అది ఇష్టమే. కానీ ఆ వంపంతా వీధిలో నిలబడి చూసేవాళ్ళకు. లోపల అడుగులు వేసే పిల్లకు దాంతో ఏం పని? ఈ మాట అన్నాక మా చెల్లెలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే లేపాక్షి పోదాం పద" అంది. చిన్నప్పుడు స్కూల్ వాళ్ళు తీసుకుపోతే నంది మీదికి ఎక్కాలని చూసి తిట్లు తిన్నాం. ఆ తర్వాత ఇద్దరం ఎప్పుడూ నిదానంగా చూసింది లేదు.

జనవరి మొదటి వారంలో, శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. అనంతపురం నుంచి 44వ నంబర్ హైవే బాగుంది, పెనుకొండ దాటాక మంచు పట్టింది. కారు ఒక ట్రావెల్స్ దగ్గర మాట్లాడుకున్నాం: కిలోమీటరుకు 13 రూపాయలు, రోజుకు కనీసం 300 కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా 400. డ్రైవర్ మంచి మనిషి, తొందర పెట్టలేదు. బిల్లులో మాత్రం మేము తిరగని 40 కిలోమీటర్లు కలిపారు. మీటర్ ఫొటో తీసిపెట్టుకున్నాం కాబట్టి తగ్గించారు. ఎవరైనా ఎక్కగానే, దిగగానే మీటర్ ఫొటో తీసుకోండి.

లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022లో జిల్లాలు విడదీశారు గానీ మా నోట్లో ఇప్పటికీ అనంతపురం జిల్లానే. అక్కడి వీరభద్ర స్వామి గుడికి ఏడు గంటలకల్లా చేరాం. ఆ వేళకు మనుషులు పదిమంది కూడా లేరు. తొమ్మిదిన్నర దాటాక బెంగళూరు నుంచి బస్సులు దిగాయి, ఇక వేలాడే కంభం దగ్గర క్యూనే. కంభం కిందుగా చున్నీ లాగి చూడటం అందరికీ సరదా. నేనూ లాగాను. అయినా ఆ ఒక్క కంభం కోసం మిగతా 69 కంభాలను వదిలేసి వెళ్ళిపోతున్నారే అని మనసుకు కష్టమనిపించింది.

నాట్య మండపంలో మొత్తం 70 కంభాలు. విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన గుడి ఇది. మండపం నడిమధ్యకు వెళ్ళి నిలబడితే చుట్టూ ఉన్న కంభాల మీద బొమ్మలన్నీ మన వైపే తిరిగి ఉంటాయి. రంభ నాట్యం చేస్తోంది. బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు, తుంబురుడి చేతిలో వీణ. ఇంకో కంభం మీద మూడు కాళ్ళ భృంగి, రంభకు నాట్య గురువుగా. నటరాజూ ఉన్నాడు. తలెత్తి చూస్తే పైకప్పులో పెద్ద తామర. మధ్యలో నేల మాత్రం ఖాళీ.

అక్కడే మా చెల్లెలు ఒక పని చేసింది. చెప్పులు బయటే వదిలాం కదా, ఆ చల్లటి రాతి మీద అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడి, రెండు చేతులూ చాపింది. చేతులు ఏ కంభానికీ తగల్లేదు, ఏ కంభమూ దూరమైనట్టు కూడా అనిపించలేదు. "అక్కా, వాద్యగాళ్ళు ఎక్కడ కూర్చోవాలో అక్కడే కూర్చున్నారు చూడు. గురువుగారు నా కళ్ళకు ఎదురుగా ఉన్నారు. ఇక్కడికి వచ్చి నిలబడితే చాలు, కచేరీ మొదలైపోయినట్టే" అంది. నా పుస్తకంలో ఆ రోజు రాసుకున్న మొదటి మాట అదే. నాట్యం కంభాల మీద చెక్కారు, చేసే చోటును మాత్రం చెక్కకుండా వదిలారు. నా దగ్గరికి వచ్చే చాలామంది నటరాజ విగ్రహం ఎక్కడ పెట్టాలి, గోడకు ముద్రల వాల్‌పేపర్ అంటిద్దామా అని అడుగుతారు. ఆ ఖాళీ నేలకు ఎన్ని అడుగులు వదులుదామని ఎవరూ అడగరు.

అక్కడ ఒక గైడ్‌ను పెట్టుకున్నాం, 500 రూపాయలు. పావుగంటలో నంది, నాగలింగం, సీత పాదం, వేలాడే కంభం అన్నీ చూపించేశాడు. మండపం మధ్య ఆగుదాం అంటే "అది మామూలు మండపమేనమ్మా" అన్నాడు. బాధేసింది. ఆయన్ను పంపించేసి మేమే కూర్చున్నాం. కాసేపటికి అక్కడే పూలు అమ్మే ఒక పెద్దాయన వచ్చి భృంగి కథ చెప్పాడు. శివుడికి మాత్రమే ప్రదక్షిణ చేస్తానని పట్టుబట్టినందుకు పార్వతి కోపగించుకుంటే ఒంట్లో సత్తువ పోయిందట. నిలబడలేకపోతుంటే శివుడు మూడో కాలు ఇచ్చాడట. "మూడు కాళ్ళుంటే పీట కదలదు గదా, అందుకే గురువయినాడు" అన్నాడాయన. నాకు ఆ మాట ఎంత నచ్చిందో! డబ్బులిస్తే తీసుకోలేదు, రెండు మూరల కనకాంబరాలు కొనుక్కున్నాం.

పైకప్పు బొమ్మలు చూడాలంటే మెడ నొప్పి పుట్టినా సరే చూడాల్సిందే. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, వటపత్రశాయి. రంగులు చాలాచోట్ల వెలిసిపోయాయి. వాటిలో ఆడవాళ్ళ చీరల అంచులు, పక్కనే లతా మండపం కంభాల మీద తీగలు, గళ్ళు చూస్తుంటే ధర్మవరం పట్టుచీర మడత విప్పినట్టుంటుంది. ఎన్నో అంచులు ఇక్కడి నుంచే వెళ్ళాయి. లతా మండపంలో ఒక్కో కంభానికి ఒక్కో రకం తీగ. నేను 30 దాకా ఫొటోలు తీశాను. హాలు తలుపు చెక్కడానికి అవే కావాలి. అసంపూర్తిగా ఆగిపోయిన కల్యాణ మండపానికి పైకప్పు లేదు కాబట్టి ఎండ నేరుగా పడి శిల్పాల నీడలు గంట గంటకూ మారతాయి. ఇక్కడ గంటన్నర గడిపాం.

సదుపాయాల మాటకొస్తే, తాగునీళ్ళు మీరే తెచ్చుకోండి. టాయిలెట్లు గుడికి బయట ఉన్నాయి, పొద్దున శుభ్రంగానే ఉన్నాయి, మధ్యాహ్నానికి పరవాలేదు అనుకోవాలి. పదకొండు దాటితే రాయి కాలుతుంది, ఎండాకాలంలో అయితే మేజోళ్ళు వేసుకుని రండి. నంది గుడికి కొంచెం దూరంలో విడిగా ఉంది, పొడవు 27 అడుగులు, ఒకే రాయి. నడిచి వెళ్ళొచ్చు.

లేపాక్షిలో గదులు తక్కువ, మాకు దొరకలేదు. హిందూపురంలో ఒక లాడ్జిలో దిగాం, డబుల్ రూమ్ 1,400. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. కానీ యాప్‌లో కట్టిన తర్వాత కౌంటర్ దగ్గర ఏసీకి వేరేగా 300 కట్టమన్నారు. వాదిస్తే మేనేజర్ వచ్చి తీసేశాడు. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మాత్రమే. ఇద్దరు ఆడవాళ్ళం ఒంటరిగా ఉన్నా భయమేమీ అనిపించలేదు, అది చెప్పాలి. పొద్దున బస్టాండు దగ్గర ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు 40 రూపాయలు. మరమరాలు నీళ్ళు మిగలకుండా పిండి, పుట్నాల పొడి సరిగ్గా వేశాడు. ఆ బండి కోసమే మళ్ళీ హిందూపురంలో ఆగుతాను.

రెండో రోజు పెనుకొండలో గగన్ మహల్ చూశాం. చూడదగ్గదే గానీ మా పనికి అక్కడ పెద్దగా ఏమీ దొరకలేదు, అరగంటలో కదిలాం.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు మాత్రం ప్రత్యేకంగా వెళ్ళాలి. తోలుబొమ్మలాట వాళ్ళ ఊరు అది. ఈ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇప్పుడు ఆటలు తగ్గాయి, ఇళ్ళల్లో లాంప్ షేడ్లు, గోడకు పెట్టే పలకలు చేస్తున్నారు. మేకతోలును శుభ్రం చేసి పల్చగా గీకితే వెలుతురు లోపలి నుంచి తేనెరంగులో వస్తుంది. ఉలితో కొట్టే చిన్న చిన్న చిల్లులే బొమ్మకు నగలు.

మేము వెళ్ళిన ఇంట్లో ఒక పెద్దామె నాట్యగత్తె బొమ్మను తీసి వెనక దీపం పెట్టి చూపించింది. మెడ దగ్గర, మోచేతుల దగ్గర, మణికట్టు దగ్గర కీళ్ళు. పుల్ల కొంచెం తిప్పితే చాలు, బొమ్మ తల పక్కకు జరిగింది, గోడ మీద నీడ దానికంటే పెద్దగా కదిలింది. మా చెల్లెలు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిల్లలకు మెడ కదలిక నేర్పడానికి ఆమె పడే కష్టం నాకు తెలుసు.

హాలుకు నాలుగు దీపాలు చెప్పాం. ఆ పెద్దామె ముందు అడిగిన ప్రశ్నలు విని నేను పాఠం నేర్చుకున్నాను. "ఏ ఎత్తులో కడతావు తల్లీ? ఎండ పడుతుందా? వాన జల్లు తగులుతుందా?" అని అడిగింది. ఎల్ఈడీ బల్బు మాత్రమే పెట్టమంది, వేడి బల్బు పెడితే తోలు ఎండి ముడుచుకుపోతుందట. రేటు సైజును బట్టి, పనితనాన్ని బట్టి ఉంటుంది. బేరం ఆడకండి. పట్టణాల్లో షోరూముల్లో పెట్టే రేటు చూశాను, ఇక్కడ దానికంటే చాలా తక్కువకే ఇస్తున్నారు. డెలివరీ 20 రోజులు అన్నారు, 19వ రోజుకు వచ్చాయి, ఒక్క గీత కూడా పడలేదు.

తాడిపత్రికి ఆ తర్వాతి ఆదివారం వెళ్ళాం. అనంతపురం నుంచి గంటన్నర లోపే. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి గోపురాలు సగంలో ఆగిపోయాయి. మామూలుగా గోపురం కింది భాగం సాదాగా వదిలి పైన బొమ్మలు పెడతారు. ఇక్కడ కింది రాతి భాగమంతా చేతి వెడల్పు చోటు కూడా వదలకుండా చెక్కారు. ద్వారానికి అటూ ఇటూ మకరం మీద నిలబడి తీగ పట్టుకున్న ఆడవాళ్ళు ఉన్నారు. తల ఒక పక్కకు, నడుము ఇంకో పక్కకు, మోకాలు మళ్ళీ మొదటి పక్కకు. దాన్నే త్రిభంగం అంటారు. ఆ మూడు వంపుల నుంచి లేచిన తీగ ద్వారబంధం వెంట పైదాకా పాకుతుంది. మొత్తం ద్వారమే ఒంపుగా నిలబడినట్టు కనిపిస్తుంది. నాకు ప్రాగ్ భవనం గుర్తొచ్చింది. ఇక్కడ శిల్పి కంభాన్ని వంచలేదు, బరువు మోసే రాయి నిటారుగానే ఉంది. చింతల వెంకటరమణ స్వామి గుడిలో రాతి రథం కూడా చూడండి. రెండు గుళ్ళకూ కలిపి పూట చాలు. తాడిపత్రిలో బస అవసరం లేదు, మెయిన్ రోడ్డు మీద సంగటి, ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) పెట్టే హోటల్ ఉంటే భోజనం అయిపోతుంది. మాకు 120 రూపాయలైంది, పప్పు మళ్ళీ మళ్ళీ వడ్డించారు.

తిరిగి వచ్చాక ప్లాన్ మార్చాం. ముందు గోడ వంపు తీసేశాం. నట్టువాంగం చేసే చోటు, అంటే గురువు కూర్చుని తాళం వేస్తూ నాట్యం నడిపించే చోటు, ఉత్తరం గోడ మధ్యలోకి తెచ్చాం, పిల్లల కళ్ళకు ఎదురుగా. అద్దం ఒక్క గోడకే, దాని మీద తెర, ఎందుకంటే పిల్లలు ఎప్పుడూ అద్దంలోనే చూసుకుంటే గురువును చూడరని మా చెల్లెలి పట్టుదల. నేలకు గ్రానైట్ వద్దన్నాను. గుడిలో రాతి మీద నాట్యం ఏ ఉత్సవానికో పండగకో, ఈ పిల్లలు వారానికి ఐదు రోజులు అడుగు కొడతారు, మోకాళ్ళు ఏమవ్వాలి? కింద చెక్క బద్దెలు పరిచి, వాటి మధ్య గాలి ఉండేలా పైన పలకలు వేయిస్తున్నాం. కాలు పడినప్పుడు నేల కొంచెం లొంగుతుంది, చప్పుడూ బాగుంటుంది. అమెరికాలో లారెన్స్ హాల్‌ప్రిన్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ 1950లలో నాట్యకారిణి అయిన తన భార్య ఆనా కోసం ఇంటి దగ్గర చెట్ల మధ్య చెక్క అరుగు కట్టించాడు. చెట్లు కొట్టకుండా వాటి చుట్టూ తిరిగేలా. మా మేడ మీద చెట్లు లేవు గానీ పక్కింటి వేపకొమ్మ కిటికీ దాకా వస్తుంది. ఆ కిటికీకి గ్రిల్ పెట్టేటప్పుడు కొమ్మకు చోటు వదలమని వెల్డింగ్ అతనికి చెప్పాను.

చెక్క పని వాళ్ళు సోమవారం వస్తారు. హాలు నడుమ 12 అడుగుల చతురస్రం సుద్దముక్కతో గీసి పెట్టాం. దాంట్లో ఏ సామాను పెట్టొద్దని మేస్త్రీకి రెండుసార్లు చెప్పాను. నిన్న సాయంత్రం వెళ్ళి చూస్తే సిమెంటు బస్తాలన్నీ గీత బయటే ఉన్నాయి, లోపల మా చెల్లెలి కూతురు ఒక్కతే తట్టడుగులు వేసుకుంటోంది.