రాత్రి మాత్రలు లెక్కపెట్టిన క్లినిక్: మూడేళ్ల వాడకం తర్వాత

మా ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఏయే మందులు ఉచితంగా ఇస్తారో, ఊరూరా తిరిగే 104 వైద్య బండి ఎప్పుడెప్పుడు వస్తుందో కోనసీమలో తెలియనివారు లేరు కాబట్టి వాటి జోలికి పోను. దాన్ని సబ్ సెంటరుగా ఉన్నప్పటి నుంచీ చూస్తున్నాను గానీ, క్రమం తప్పకుండా వాడడం మొదలుపెట్టింది మాత్రం మూడేళ్ల క్రితం, మా అత్తగారి షుగరు కోసం. ఇన్నాళ్లలో అక్కడ నన్ను ఆకట్టుకున్నది ఒక్కటే. బీపీ చూసే మనిషే నిద్ర గురించీ, అరికాళ్ల గురించీ, ఇంటి పరిస్థితి గురించీ అడిగి అన్నీ ఒకే పుస్తకంలో రాసుకుంటుంది. అది ఎంత పెద్ద సంగతో నాకు తెలిసిరావడానికి ఒక సంచీ నిండా మాత్రల షీట్లు బల్ల మీద కుమ్మరించవలసి వచ్చింది.

మా మామగారు పోయిన ఆరేడు నెలలకు అత్తగారి షుగరు అదుపు తప్పింది. పరగడుపున 150 దాటని మనిషికి 230 వచ్చింది. పట్నంలో మేము చూపిస్తున్న డాక్టరుగారు మొదట మోతాదు పెంచారు, రెండు నెలలు పోయాక మరో మాత్ర కలిపారు, అయినా అంకె దిగలేదు. తీపి తింటున్నారేమోనని ఇంటిల్లిపాదీ ఆవిడ మీద కన్నేశాం. మాసికాలనాటి బూరెలు డబ్బాలో దాచుకుని ఉంటారని మా ఆడపడుచు తేల్చేసింది కూడా.

క్లినిక్‌లో ఉండే ఎమ్మెల్‌హెచ్‌పీ (డాక్టరు కాకపోయినా ఊళ్లో ప్రాథమిక వైద్యం చూసే ఉద్యోగి), బీఎస్సీ నర్సింగ్ చదివిన పాతికేళ్ల అమ్మాయి, ఖాళీ షీట్లతో సహా మందుల సంచీ మొత్తం తెమ్మని చెప్పింది. తెచ్చినవన్నీ బల్ల మీద పరిచి, ఉదయం వేసుకునేవి ఒక వైపు, రాత్రివి ఒక వైపు పెట్టి లెక్కపెట్టింది. ఉదయం మాత్రల షీట్లు తేదీల ప్రకారం ఖాళీ అయ్యాయి. రాత్రివి సగానికి పైగా నిండుగానే ఉన్నాయి. నేనైతే అక్కడే కేకలు వేసేదాన్ని. ఆ అమ్మాయి మాత్రం కుర్చీ కాస్త దగ్గరగా జరుపుకుని, “మామ్మగారూ, రాత్రి ఎవరితో కలిసి అన్నం తింటారండీ?” అని అడిగింది.

అత్తగారు చాలాసేపు కొంగు అంచును మడతలు పెడుతూ కూర్చుని, ఆ తర్వాత, “ఆయన పోయాక రాత్రిళ్లు తినబుద్ధి కావడం లేదమ్మా. అన్నం తినకుండా మాత్ర వేసుకోకూడదన్నారు కదా, అందుకని మానేశాను” అన్నారు. ఆవిడ ఉండేది మా పెరటి వైపు గదిలోనే. నేను మూతపెట్టి వచ్చిన కంచం తెల్లారేసరికి శుభ్రంగా కడిగి బోర్లించి ఉండేది. అందులోని అన్నం దూడ కుడితిలోకి పోతోందని నాకు ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత ఆ అమ్మాయి గత పదిహేను రోజుల్లో మనసు ఎలా ఉంది, దేని మీదైనా ఆసక్తి కలుగుతోందా అని మరో రెండు ప్రశ్నలు వేసి, సమాధానాలను షుగరు అంకె కిందనే రాసింది. ఈ-సంజీవనిలో, అంటే దూరం నుంచే వైద్య సలహా ఇచ్చే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో, డాక్టరుతో మాట్లాడించింది. సిగ్నలు రెండుసార్లు తెగిపోతే మూడోసారి వాకిట్లో కొబ్బరిచెట్టు కింద నిలబడి మాట్లాడవలసి వచ్చింది. రాత్రి భోజనం లేకుండా పెంచిన మోతాదంతా వేసుకుని ఉంటే షుగరు ఒక్కసారిగా పడిపోయేదని చెప్పి, ఆయన మోతాదును మునుపటికే తగ్గించారు. నిద్రమాత్ర రాయలేదు, రెండు వారాల తర్వాత మళ్లీ చూద్దామన్నారు. మనసు బాగోలేనివారు ఫోనులో మాట్లాడే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416ను ఆ అమ్మాయి చీటీ మీద రాసిచ్చింది గానీ, ముక్కూమొహం తెలియని వాళ్లకు ఫోను చేసి ఏడవడమేమిటని అత్తగారు ఆ చీటీని పోపుల పెట్టెలో వేశారు, అది ఇప్పటికీ అక్కడే ఉంది. మేము చేసిందల్లా మా అబ్బాయి రాత్రి భోజనాన్ని ఏడున్నరకు మార్చి, ఆవిడ గదిలో ఆవిడతో కలిసి తినేలా చేయడం. నాలుగు నెలలకు 160కి వచ్చింది.

మనసు గురించి ఆ అమ్మాయి వేసిన ఆ ప్రశ్నలకు డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందోనని తర్వాత నాకు ఆసక్తి కలిగింది. ఒకప్పుడు సబ్ సెంటరు అంటే గర్భిణులూ, పసిపిల్లల టీకాలే. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఇలాంటి కేంద్రాలు అందించవలసిన సేవలను 12 రకాలుగా విస్తరించినప్పుడు బీపీ, షుగరు, కన్ను, పన్ను, వృద్ధుల సంరక్షణలతో పాటు మానసిక ఆరోగ్యాన్నీ చేర్చారు. ఈ కేంద్రాలకు నిధులిచ్చే జాతీయ ఆరోగ్య మిషన్ ఖర్చులో కేంద్రం నూటికి 60 వంతులు, రాష్ట్రం 40 వంతులు భరిస్తాయి. ఇది కాక 15వ ఆర్థిక సంఘం 2021–26 మధ్య స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. ఇంత పెద్ద అంకెల అడుగున, ఊరి కేంద్రం తన అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకోవడానికి ఏడాదికి 50,000 రూపాయల నిధి ఉంటుంది. నెలకు లెక్కేస్తే నాలుగు వేల చిల్లర.

ఆ చిల్లర దగ్గరే మాకు దెబ్బ తగిలింది. ఒక వేసవిలో రెండు నెలల పాటు షుగరు చూసే స్ట్రిప్పులు లేవు. సర్పంచి అధ్యక్షతన జరిగే జన ఆరోగ్య సమితి (క్లినిక్ బాగోగులు చూసే ఊరి కమిటీ) సమావేశానికి మా డ్వాక్రా సంఘం నాయకురాలి వెంట నేనూ వెళ్లి కూర్చున్నాను. స్ట్రిప్పులు కొనాలని తీర్మానం రాశారు, సంతకాలు అయ్యాయి, టీ తాగాం. కానీ అప్పటికి డబ్బు ఊరి ఖాతాలో ఉండడం లేదు. రాష్ట్రస్థాయిలో ఒకే ఖాతా ఉండేది, కింది కేంద్రాలకు ఖర్చు పెట్టే పరిమితి మాత్రమే వచ్చేది. ఆ పరిమితి పడేవరకూ తీర్మానం కాగితంగానే ఉండిపోయింది. నిధులు ఎక్కడో మూలుగుతూ ఉండకూడదనే ఈ ఏర్పాటు చేశారన్నది నిజమే, దానిని తప్పుపట్టలేను. అయితే అత్తగారి వేలు గుచ్చి చూడడానికి మాత్రం ఆ రెండు నెలలూ బయటి ల్యాబుకే డబ్బు పోశాం.

పైన ఒకే కుర్చీలో అన్నీ అడుగుతారని రాశాను. నిరుడు ఆ అమ్మాయి ప్రసూతి సెలవు మీద వెళ్లినప్పుడు పక్క ఊరి ఎమ్మెల్‌హెచ్‌పీ వారానికి రెండు రోజులు వచ్చేది. పాపం, రెండు ఊళ్ల జనం ఆమె మీదే. బీపీ చూడడం, షుగరు చూడడం, ట్యాబులో ఎక్కించడం, తర్వాతి పేరు పిలవడం. వీరి జీతానికి తోడు ఇచ్చే ప్రోత్సాహకం పనితీరు సూచికల మీద, అంటే ఎంతమందిని చూశారు, ఎన్ని పరీక్షలు చేశారు వంటి లెక్కల మీద ఆధారపడి ఉంటుంది. షీట్లు పరిచి కూర్చున్న ఆ ఇరవై నిమిషాలకు ఏ గడి ఉందో నాకు కనిపించలేదు. అందుచేత నేను మెచ్చుకున్నది ఆ ఏర్పాటునా, ఆ అమ్మాయినా అన్నది గట్టిగా చెప్పలేకపోతున్నాను. ఆమె తిరిగి వచ్చింది కాబట్టి ప్రస్తుతానికి ఫిర్యాదు లేదు.

మా ఇంటి నుంచి క్లినిక్‌కు ఐదు నిమిషాల నడక, నేను బడికి వెళ్లే దారి కూడా అదే. బీపీ, షుగరు నిలకడగా ఉన్నవారికి, తోడు వెళ్లే మనిషి ఉన్నవారికి నెలనెలా అక్కడే చూపించుకోమని చెబుతాను. మా వారి గుండె పరీక్షలకు ఇప్పటికీ రాజమండ్రి వెళుతూనే ఉన్నాం. గోదావరి మధ్య లంకలో ఉన్న మా పెద్దమ్మ తన బీపీ కూడా ఇక్కడే చూపించుకోనా అని మొన్న అడిగింది. పడవ దాటి, గట్టెక్కి, ఆటో పట్టుకుని రావాలి, గోదావరి పోటెక్కితే అదీ లేదు. ముందు 104 బండి మీ రేవుకు వచ్చే రోజు కనుక్కో, వెళ్లేటప్పుడు ఖాళీ షీట్లు పారేయకుండా తీసుకెళ్లు అని చెప్పాను.