ఆకు మొక్కలకు పెరటి నేలా, కుండీలా, ఎత్తు మడా: ఏది మేలు?

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ళలో కొత్తిమీర, పుదీనా, కరివేపాకు, తులసి, వామాకు, నిమ్మగడ్డి పెంచుకోదలచినవారికి మూడు మార్గాలున్నాయి. పెరటి నేలలోనే నాటుకోవచ్చు, కుండీలలో పెట్టుకోవచ్చు, లేదా ఇటుకలు పేర్చి అడుగు ఎత్తున మట్టి నింపి మడి కట్టుకోవచ్చు. ఇక్కడి వానలను దృష్టిలో పెట్టుకుంటే ఎక్కువ మొక్కలకు ఎత్తు మడే మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే కరివేపాకుకు, పుదీనాకు అది తగదు.

నేలలో నాటడానికి ఖర్చు లేదు, వేసవిలో తేమ కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. చిక్కంతా జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానలతోనే వస్తుంది. పెరట్లో తొక్కిడికి అణిగిపోయిన ఎర్రమట్టిలో నీరు ఇంకక మొక్క మొదట్లోనే నిలిచిపోతుంది. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే తులసి వేళ్ళు కుళ్ళి, పైనున్న ఆకులు తడిలోనే వాడిపోతాయి. పైగా కోళ్ళు గీరడం, మేకలు మేయడం ఉండనే ఉన్నాయి. అయినా కరివేపాకు మాత్రం నేలలోనే ఉండాలి. అది మొక్కగా ఆగిపోయేది కాదు, చెట్టయ్యేది. కుండీలో కొన్నాళ్ళు బతికినా, రోజూ తాలింపుకు రెబ్బలు కోసే ఇంటి అవసరం తీర్చలేదు. పెరట్లో కాస్త మిట్టగా ఉన్న చోట అడుగున్నర గుంత తీసి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, పాత చెట్టు మొదట్లో వచ్చిన పిలకను వేరుతో సహా తెచ్చి నాటాలి. లేత చిగుళ్ళ మీద పిట్ట రెట్టలా గోధుమ, తెలుపు రంగుల మచ్చ కనిపిస్తే దగ్గరగా చూడండి: అది చాలావరకు నిమ్మజాతి చెట్లను తినే సీతాకోకచిలుక పిల్లపురుగే అవుతుంది. పెరిగాక ఆకుపచ్చగా మారి, ఈనెలు మాత్రం మిగిల్చి రెమ్మంతా తినేస్తుంది. కనబడినప్పుడే చేత్తో ఏరివేస్తే మందు అవసరం రాదు.

కుండీల గొప్ప సౌకర్యం కదపగలగడం. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫానులు రెండూ అక్టోబరు రెండో వారంలోనే ఈ తీరాన్ని తాకాయి. తిత్లీ వల్ల గజపతి జిల్లాలో వరదలు వచ్చి, కొండచరియలు విరిగిపడి ఎంత ప్రాణనష్టం జరిగిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. అటువంటి రోజుల్లో కుండీలను వసారాలోకి చేర్చుకోవచ్చు, మడిని చేర్చుకోలేము. కానీ మే నెలలో మట్టి కుండీలు పూటకొకసారి నీరు అడుగుతాయి, ఒక్కరోజు ఊరెళ్ళినా మొక్క తల వాల్చేస్తుంది. అందుచేత కుండీలను ముఖ్యంగా పుదీనాకు కేటాయించడం మంచిది. దాని తీగలు మట్టి కింద పాకి, ఎక్కడికక్కడ వేళ్ళు వేసి, పక్క మొక్కల చోటు ఆక్రమిస్తాయి. కుండీ అంచే దానికి సరైన కంచె. లోతు కన్నా వెడల్పు ఎక్కువున్న కుండీ తీసుకుని, అడుగున ఉన్న చిల్లు మీద పెంకు ముక్క బోర్లించి, మధ్యాహ్నపు ఎండ తగలని చోట ఉంచితే చాలు. వామాకు కూడా కొమ్మ గుచ్చితే కుండీలో సులువుగా బతుకుతుంది.

ఎత్తు మడికి మొదట కొంత ఖర్చు, శ్రమ తప్పవు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తున్న మడికి పద్దెనిమిది ఘనపుటడుగుల మట్టి కావాలి. రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి కనుక నాలుగడుగులకు మించి వెడల్పు పెట్టకూడదు. గోడ వారగా కడితే రెండడుగులే నయం. అడుగున సిమెంటు చేయకుండా నేలను గునపంతో గుల్లచేసి, అన్నిటికన్నా కింది వరసలో ఇటుకల మధ్య సందులు వదలాలి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఏటి ఇసుక కలిపి, కాస్త తడిపి, పిడికిట్లో నొక్కి చూడండి. ముద్ద నిలవాలి, వేలితో తాకగానే విడిపోవాలి. జిగటగా అంటుకుంటే ఇసుక చాలలేదన్నమాట. ఎంత వాన కురిసినా ఇటువంటి మట్టిలో నీరు నిలవదు.

ఈ మడికి అసలైన పంట కొత్తిమీర. ఎండలు ముదిరితే అది ఆకు పెట్టడం మాని పూతకు వస్తుంది కనుక, తుఫాను రోజులు చాలావరకు దాటాక, అక్టోబరు చివర్లో మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా చల్లుకోవడం మంచిది. ధనియాలను పీట మీద మెల్లగా నలిపి, రెండు బద్దలుగా విడదీసి, ఒక రాత్రి నానబెట్టి, అరంగుళం లోతు గాళ్ళలో వేస్తే సుమారు రెండు వారాల్లో మొలుస్తాయి. మడంతా ఒకేసారి నింపకుండా, మూడు వారాలకొక వరస చొప్పున వేస్తే లేత కొత్తిమీర తెంపు లేకుండా అందుతుంది. వేసవిలో ఎత్తు మడి నేలకన్నా త్వరగా ఆరిపోతుంది. తులసి మొదట్లో వరిగడ్డి పరచడం అప్పుడు తప్పనిసరి.

కొరాపుట్ వంటి కొండ ఊళ్ళలో ఎండ తీవ్రత తక్కువ కాబట్టి కొత్తిమీర మరికొన్నాళ్ళు నిలుస్తుంది, కానీ చలికాలంలో కరివేపాకు ఎదుగుదల మందగిస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవారు మడి కట్టుకోలేరు కనుక వెడల్పాటి గ్రో బ్యాగులలో (మొక్కలు పెంచే సంచుల్లో) అదే పాళ్ళ మట్టి నింపి కొత్తిమీర, తులసి వేసుకోవచ్చు. నిమ్మగడ్డి పిలకలను మాత్రం, యజమాని ఒప్పుకుంటే, ప్రహరీ పక్కన నేలలో పెట్టండి. దాని దుబ్బు చిన్న సంచిలో ఇమడదు.