నల్లగొండలో కారు వైరింగ్ సమస్యా? ఈ షెడ్డులో ఒకసారి చూపించండి

కారులో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లైటో, ఇంజిన్ లైటో వెలిగి, ఎవరిని అడిగినా "మాడ్యూల్ పోయింది" (అంటే దాన్ని నడిపే చిన్న కంప్యూటర్ పాడైంది) తప్ప ఇంకో మాట చెప్పడం లేదా? అయితే దేవరకొండ రోడ్డు వైపు ఉన్న చిన్న ఆటో ఎలక్ట్రికల్ షెడ్డుకి ఒకసారి పోయి రండి. బోర్డు మీద "కార్ స్కానింగ్, వైరింగ్" అని ఉంటుంది, అంతకుమించి హంగేమీ లేదు. పని మాత్రం హైదరాబాద్‌లో కూడా ఇంత శ్రద్ధగా చేయగా నేను చూడలేదు.

మా బండి సంగతి చెప్తాను. బీఎస్-6 వచ్చాక కొన్న పెట్రోల్ కారు. మంచిగా పోతూ పోతూ ఉండగా ఏబీఎస్ లైటు, స్టీరింగ్ లైటు ఒకేసారి వెలిగేవి, స్పీడోమీటర్ ముల్లు సున్నాకి పడిపోయేది, కాసేపటికి మళ్లీ అన్నీ మామూలే. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద, వెనక సీట్లో పిల్లలు ఉండగా ఇలా అయితే ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుస్తుంది. ఒక పెద్ద వర్క్‌షాప్‌లో చూపిస్తే స్కానర్ పెట్టి, వచ్చిన కోడ్ చూసి, ఏబీఎస్ మాడ్యూల్ మార్చాలి, 40 వేల పైనే అవుతుంది అన్నారు. వైర్లు చూశారా అని అడిగితే సమాధానం లేదు.

ఈ షెడ్డులో మెకానిక్ తమ్ముడు స్కానర్ పెట్టినా అదే కోడ్ వచ్చింది, యూ0121. ఏబీఎస్ మాడ్యూల్ నుంచి మిగతా కంప్యూటర్లకు సమాచారం అందడం లేదని దాని అర్థం, అంతేగానీ మాడ్యూల్ కాలిపోయిందని కాదు. "మార్చుడు తర్వాత చూద్దాం అన్నా, ముందుగాల లైన్ మంచిగుందో లేదో చూడనియ్యి" అన్నాడు. బ్యాటరీ కనెక్షన్ తీసి, కొంచెం సేపు ఆగి, స్టీరింగ్ కింద ఉండే స్కానర్ తగిలించే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టి నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. క్యాన్ లైను అంటే కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల జత, దానికి రెండు కొసల్లో చెరో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది, రెండూ కలిసి మీటర్‌లో 60 చూపించాలి. బానెట్ కింద వైర్ల కట్టని మెల్లగా కదిలిస్తుంటే 60 కాస్తా 120 అవుతోంది, మళ్లీ 60. ఒక కొస తెగీ తెగనట్టు ఉందన్నమాట. మా బండిలో ఆ కొసనే ఏబీఎస్ మాడ్యూల్ ఉంది. టేపు విప్పితే ఎలుక కొరికిన వైరు, రెండు మూడు రాగి పోగుల మీద ఆగి ఉంది.

అతికించిన తీరు కూడా చెప్పాలి. ఆ రెండు వైర్లను జడలా మెలితిప్పే ఉంచాలి, ఎందుకంటే బయటి కరెంటు గోల ఏదైనా వస్తే రెండిటి మీదా సమానంగా పడుతుంది, తేడా మాత్రమే చదివే లైను కాబట్టి సమాచారం చెడిపోదు. తమ్ముడు సోల్డర్ చేసి, హీట్ స్లీవ్ వేసి, ఆ మెలిక అలాగే ఉండేటట్టు మళ్లీ కట్టాడు. మొత్తం బిల్లు 1,800 రూపాయలు, ఆ తర్వాత లైటు వెలగలేదు.

ఈ పని చూశాక నాకు గట్టిగా అనిపించింది, కార్ల కంపెనీల పరిశోధన ఎంత మారిందో దాని బరువు ఇప్పుడు ఇలాంటి షెడ్ల మీద కూడా పడుతోంది. బాష్ కంపెనీ ఏబీఎస్‌ని 1978లో తెచ్చింది, ఈ క్యాన్ లైనుని 1986లో ప్రకటించింది. అప్పటి ఇంజనీర్ల పని ఎక్కువగా ఇంజిన్, గేర్లు, ఇనుము. ఇప్పుడు చాలా భాగం సాఫ్ట్‌వేరే. మన నల్లగొండ నుంచి రెండు మూడు గంటల దూరంలో హైదరాబాద్‌లోనే హ్యుందాయ్ ఇంజనీరింగ్ సెంటర్, కారు భాగాలు చేసే జెడ్‌ఎఫ్ టెక్నాలజీ సెంటర్ ఉన్నాయి. ఈ రంగంలో మాడ్యూల్ లాంటి కంట్రోల్ యూనిట్‌ని టేబుల్ మీద పెట్టి, దానికి కంప్యూటరే నకిలీ కారుగా సిగ్నళ్లు పంపి పరీక్షిస్తారు, అసలు బండి రోడ్డెక్కకముందే. 2011లో వచ్చిన ఐఎస్‌ఓ 26262 ప్రమాణం ప్రకారం కారులో భద్రతకు సంబంధించిన ఎలక్ట్రానిక్ వ్యవస్థలు పాడైతే ఏమవుతుందో ముందే లెక్కేసుకోవాలి. మా బండిలో ఏబీఎస్ లైను తెగినా మామూలు బ్రేకులు ఎప్పుడూ పట్టాయి, కారణం అలాంటి ముందుచూపే, అందుకు ఆ ఇంజనీర్లకు దండం పెట్టాలి. అయితే వేగం లెక్క ఏబీఎస్ నుంచే స్పీడోమీటర్‌కి, స్టీరింగ్‌కి పోతుంది, ఒక్క వైరు తెగితే మూడు చోట్ల గోల.

ఎండకు, వానకు, కుదుపులకు ఇన్ని పరీక్షలు చేసేవాళ్లు, వరి కోతలప్పుడు ఇంటి ముందు నిలబెట్టిన బండిలోకి ఎలుకలు దూరతాయని కూడా ఆలోచించాలి. హోండా వాళ్లు మిరపకాయ ఘాటు కలిపిన ఎలుకల టేపు అమ్ముతారు, అలాంటిది ఫ్యాక్టరీలోనే చుట్టి ఇస్తే పోయేదేముంది? ఇంకోటి, వైరింగ్ డయాగ్రమ్‌లు. తమ్ముడు వాటిని ఎక్కడెక్కడో సంపాదించుకుంటున్నాడు. కొత్త బండ్లలో కంప్యూటర్ కోడ్ చదవనిస్తుంది గానీ మాడ్యూల్ ప్రోగ్రామింగ్‌కి కంపెనీ లాగిన్ లేకుండా లోపలికి రానివ్వదు. 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు నడుస్తున్న జీప్‌ని దూరం నుంచే అదుపులోకి తీసుకుంటే 14 లక్షల బండ్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది, కాబట్టి తాళం ఉండాల్సిందే. కానీ నిజాయితీగా పని చేసే చిన్న షెడ్లకు తాళంచెవి అందే దారి కూడా పెట్టాలి. కేంద్రం 2022లో రైట్ టు రిపేర్ (రిపేరు చేయించుకునే హక్కు) పోర్టల్ తెచ్చినప్పుడు అందులో వాహనాలను కూడా చేర్చింది, కంపెనీలు దాన్ని మనసు పెట్టి పాటించాలి.

షెడ్డుతో నాకు రెండు ఇబ్బందులు. కూర్చోవడానికి నీడ తక్కువ, ఎండాకాలం పొద్దున్నే పోవడం మేలు. ముందు ఫోన్ చేయకపోతే సగం రోజు ఆగాల్సి వస్తుంది, ఎందుకంటే ఒక బండి పని అయ్యేదాకా ఇంకో బండి ముట్టుకోడు. ఎలక్ట్రిక్ కార్లలో ఆరెంజ్ రంగు హై వోల్టేజ్ కేబుళ్ల పని చేయనని మొదట్లోనే చెప్పేస్తాడు, 12 వోల్టుల వైపు సమస్య అయితే చూస్తాడు. స్కానింగ్‌కి 500 తీసుకుంటాడు, పని అక్కడే చేయిస్తే అది బిల్లులో కలుపుకుంటాడు. ఫోన్‌పే ఉంది. పాత వైరు ముక్క ఇమ్మంటే ఇస్తాడు, అడిగి తీసుకోండి.