లిలీపాండ్‌లో తెలుగు క్వైర్ పాటలు: ఏడాది వాడాక నా అభిప్రాయం

కిందటి డిసెంబర్‌లో మా క్వైర్‌లో ఆల్టో పాడే పెద్దావిడ ఒకరు కాగితం నా ముందు పెట్టి, "మాస్టారూ, రెండో చరణం ఒత్తులన్నీ మూడో చరణం నెత్తినెక్కి కూర్చున్నాయి, ఎలా చదవమంటారండీ?" అన్నారు. ఆవిడ అన్నది నిజమే. అది నేను లిలీపాండ్‌లో వేసిన మొదటి నాలుగు గొంతుల పాట. స్టాఫ్ గీతలు, నోట్లు చూడముచ్చటగా వచ్చాయి గానీ తెలుగు అక్షరాలు మాత్రం ఒకదాని మీద ఒకటి పడ్డట్టున్నాయి.

లిలీపాండ్ అంటే పాటల నోట్లను అచ్చు పేజీగా వేసిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్. 1996లో ఇద్దరు నెదర్లాండ్స్ వాళ్లు మొదలుపెట్టారు. ఇందులో మౌస్‌తో నోట్లను లాగి పెట్టే పని లేదు. సి, డి, ఇ అని టైప్ చేస్తాం. పక్కన 4 వేస్తే క్రోచెట్ (పావు నోటు), 8 వేస్తే క్వేవర్ (అందులో సగం). రన్ చేస్తే పీడీఎఫ్ వస్తుంది. నేను దీన్ని ఫ్రెస్కోబాల్డి అనే ఎడిటర్‌లో వాడతాను, అదీ ఉచితమే. ఎడమవైపు టెక్స్ట్, కుడివైపు పేజీ. పేజీలో తప్పుగా కనిపించిన నోటు మీద క్లిక్ చేస్తే కర్సర్ సరిగ్గా ఆ అక్షరం దగ్గరికి వెళుతుంది. నాకు సగం టెన్షన్ తగ్గించింది ఈ ఒక్క సౌకర్యమే. ఇక అచ్చు అందం గురించి ఎంత చెప్పినా తక్కువే. దీన్ని తయారుచేసినవాళ్లు 1950లో బేరెన్‌రైటర్ వేసిన బాఖ్ చెల్లో సూట్ల లాంటి పాత చేతిపని అచ్చులను ముందు పెట్టుకుని నోట్ల మందం, ఖాళీలు నేర్చుకున్నారు. ఆ శ్రద్ధ కాగితం మీద తెలుస్తుంది.

మొదట్లో తప్పులు నావే. ఎఫ్ మేజర్ పాటలో బి ఎప్పుడూ ఫ్లాట్ (అర మెట్టు కిందికి). ఆ సంగతి చెప్పే కీ సిగ్నేచర్ మొదట్లో ఇచ్చాను కదా అని ఊరికే బి అని కొట్టాను. బి ముందు ఫ్లాట్ కాదని చెప్పే నేచురల్ గుర్తు వచ్చింది. ఇక్కడ బి ఫ్లాట్ కావాలంటే ప్రతిసారీ 'బెస్' అనే రాయాలి. టెనర్‌లో నోటును కింది స్థాయికి దించే కామా ఒక్కటి మర్చిపోతే అక్కడి నుంచి చివరి దాకా అంతా ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైకి పోయింది. రిలేటివ్ పద్ధతిలో ప్రతి నోటూ ముందున్న నోటును చూసుకుని నిలబడుతుంది. అందుకని చివర్లో వెతక్కుండా, మొదట తప్పిన నోటును పట్టుకుంటే చాలు. ప్రతి బార్ చివరా నిలువు గీత టైప్ చేయడం మాత్రం తప్పకుండా అలవాటు చేసుకోండి. లెక్క తప్పితే ఏ లైన్‌లో తప్పిందో అదే చెబుతుంది.

నన్ను మూడు రాత్రులు కూర్చోబెట్టింది సాహిత్యం. 'స్తోత్రము' అన్న మాటను స్తో, త్ర, ము అని విడగొట్టి మధ్యలో రెండేసి హైఫన్లు పెట్టాలి. ఆ హైఫన్లకు అటూ ఇటూ ఖాళీ లేకపోతే మాటంతా ఒకే నోటు కింద పడిపోతుంది. ఇంకా పెద్ద చిక్కు సాగదీత దగ్గర. 'త్ర' మీద రెండు క్వేవర్లు పాడతాం. నేను ఆ రెండింటినీ బీమ్‌తో (నోట్ల కాడలను కలిపే అడ్డగీతతో) కలిపి ఊరుకున్నాను. దాంతో 'ము' రెండో క్వేవర్ కిందికి వచ్చేసింది, ఆ తర్వాత అక్షరాలన్నీ ఒక్కో నోటు ముందుకు జరిగాయి, చివరి నోటు కింద అక్షరమే లేదు. బీమ్ చాలదు, స్లర్ (నోట్లను కలిపే వంపుగీత) కావాలి. స్లర్ కోసం రెండు నోట్లకూ బ్రాకెట్ పెట్టగానే సాహిత్యమంతా దాని చోటికి వచ్చేసింది. చివరి నోటు ఖాళీగా ఉంటే ఎక్కడో స్లర్ మర్చిపోయామని, అక్షరాలే మిగిలిపోతే ఎక్కడో ఎక్కువ విడగొట్టామని ఇప్పుడు చూడగానే తెలుస్తుంది.

ఇక ఒత్తుల సంగతి. ఫాంట్ పేరు చెప్పకపోతే లిలీపాండ్ ఆ కంప్యూటర్‌లో దొరికిన తెలుగు ఫాంట్ తీసుకుంటుంది. ఇంట్లో ఒకలా, చర్చి లాప్‌టాప్‌లో ఇంకోలా రావడానికి కారణం అదే. నోటో సెరిఫ్ తెలుగు రెండింట్లోనూ వేసి, ఫైల్‌లో ఆ పేరే రాశాను. సాహిత్యపు వరుసల మధ్య మామూలుగా ఉండే కనీస దూరం 2.8 (స్టాఫ్ గీతల మధ్య ఖాళీతో కొలిస్తే). ఇంగ్లీషుకు సరిపోతుందేమో గానీ కింద ఒత్తు, పైన గుడి ఉండే మన అక్షరానికి చాలదు. 4 చేశాను, ప్యాడింగ్ (వరుసల మధ్య వదిలే ఖాళీ) కూడా కొంచెం పెంచాను. దాంతో పాట మూడో పేజీలోకి ఒక్క వరుస జారింది. పేజీలు రెండే అని పేపర్ బ్లాక్‌లో (ఫైల్‌లో పేజీ కొలతలు రాసే చోట) చెప్పి, స్టాఫ్ సైజు 20 నుంచి 18కి దించితే సరిగ్గా కుదిరింది. అక్షరం సైజు మాత్రం తగ్గనివ్వలేదు, మా వాళ్లలో అద్దాలు పెట్టుకునేవాళ్లే ఎక్కువ.

లోపాలు లేకపోలేదు. ముగింపు బ్రాకెట్ ఒకటి మర్చిపోతే తప్పు ఒకచోట ఉంటే ఎర్రర్ ఎక్కడో ఫైల్ చివర చూపిస్తుంది. రాస్తూ రాస్తూ వినాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు. రేపు ఉదయానికి ఒక్క పేజీ కావాలంటే మౌస్‌తో నోట్లు పెట్టుకునే మ్యూస్‌స్కోర్‌లో వేసుకోండి, అదీ ఉచితమే. కానీ ఏటా అవే పాటలు దిద్ది మళ్లీ వాడే క్వైర్ మాస్టర్లకు నేను లిలీపాండే చెబుతాను. 1988 నుంచి ఉన్న, ఇదే పనికి వాడే ఫినాలే అనే సాఫ్ట్‌వేర్‌ను ఆపేస్తున్నామని 2024 ఆగస్టులో ఆ కంపెనీ ప్రకటించింది. అది చదివాక, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకునే నా ఫైళ్లను చూసి గుండె నిబ్బరంగా అనిపించింది.

ఫాంట్, దూరాలు, సైజు అన్నీ ఒకే ఫైల్‌లో పెట్టుకుని ప్రతి పాటకూ దాన్ని కలుపుతున్నాను. ఈస్టర్ పాటలు నాలుగు అయ్యాయి. ఐదోదాంట్లో బాస్ చివరి చరణంలో రెండుగా చీలుతుంది, ఆ పేజీ ఈ శనివారం ప్రాక్టీసులోగా వేసి, ముందు ఆ పెద్దావిడకే చూపించాలి.