క్లాష్ ఆఫ్ క్లాన్స్: ఏళ్ల తరబడి గోడలు కట్టాక రాస్తున్న సమీక్ష

క్లాష్ ఆఫ్ క్లాన్స్ బాగుంటుందా లేదా అని చెప్పే సమీక్ష కాదిది. 2012లో ఐఫోన్లకి, 2013లో ఆండ్రాయిడ్ ఫోన్లకి వచ్చిన ఆట. ఫోన్‌లో మనకంటూ ఒక ఊరు కట్టుకోవడం, ఇతరుల ఊళ్ల మీద దాడిచేసి దోచుకురావడం, ఇదే ఆట. నచ్చినవాళ్లకి ఎప్పుడో నచ్చింది, నచ్చనివాళ్లు ఎప్పుడో ఫోన్‌లోంచి తీసేశారు. నేను చెప్పాలనుకునేది ఇంకొకటి. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయిస్తూ, పదేళ్లు దాటినా ఈ ఆట మనుషుల్ని ఎట్లా కూర్చోబెడుతోంది? ఆడేవాళ్లు దీన్ని గ్రైండింగ్ అంటారు, మా క్లాన్‌లో, అంటే ఆటలో మేం కలిసి ఉండే జట్టులో, ఎక్కువమంది ఫార్మింగ్ అంటారు. బంగారం దోచుకురా, గోడ కట్టు, మళ్లీ దోచుకురా. అంతే. బయటినుంచి చూసేవాళ్లకి ఇందులో ఏముందో అర్థం కాదు. లోపలున్నవాళ్లు చెప్పలేరు. చెప్పే ప్రయత్నం చేస్తా.

మాది నెల్లూరు జిల్లా, విడవలూరు మండలం. సముద్రానికి దగ్గర, రొయ్యల గుంటలు. రాత్రి కాపలా ఎక్కువగా నాదే. వనామీ రొయ్య గురించి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. రాత్రిళ్లు నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, తెల్లారుజాముకి అది బాగా తగ్గిపోతుంది. అందుకని నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి, ఆలస్యమైతే రొయ్యలు తేలిపోతాయి. కాబట్టి నిద్రపోవడానికి లేదు. అట్లని చెయ్యడానికి పెద్ద పనీ ఉండదు. మేలుకుని ఉండటమే పని. గుంటల మీద రాత్రిళ్లు గడిపే చాలామంది చేతిలో ఫోన్ ఉండేది అందుకే. నేను ఆట శబ్దం ఎప్పుడూ ఆపేసే ఆడతాను. ఏరియేటర్లలో ఒక్కటి ఆగినా మోత మారిపోతుంది, చెవి ఆ మోతకి అలవాటు పడి ఉంటుంది. దానికి అడ్డం వచ్చేది ఏదీ పెట్టుకోకూడదు.

ఇక ఆటలోకి. దాడి బటన్ నొక్కితే ఎవరిదో ఒక ఊరు తెరమీదికి వస్తుంది. ఎడమవైపు పైన అంకెలు: ఇక్కడ ఇంత బంగారం, ఇంత ఎలిక్సిర్ (బంగారంలాగే ఆటలో ఖర్చుపెట్టే రసం) దొరుకుతాయని. తక్కువగా ఉంటే నెక్స్ట్ కొడతాం. ఇంకో ఊరు. మళ్లీ నెక్స్ట్. వెతికినందుకు కాస్త బంగారం పోతుంది కూడా. అట్లా కొడుతూ కొడుతూ ఉంటే, ఎవరో ఎప్పుడో ఆడటం మానేసిన ఊరు తగులుతుంది. బంగారం గనులూ, ఎలిక్సిర్ పోగయ్యే కలెక్టర్లూ నిండిపోయి, కాపాడేవాళ్లు లేకుండా. ఆ అంకెలు కనబడగానే బొటనవేలు దానంతటదే ఆగుతుంది. మంచి ఆటగాడు ఆ ఊరిని చూసిన వెంటనే, కలెక్టర్లు గోడల బయట ఉన్నాయా లోపల ఉన్నాయా అని చూస్తాడు. బయట ఉంటే ఊరికి గుండెలాంటి కట్టడమైన టౌన్‌హాల్ జోలికి పోడు. చుట్టూతా గోబ్లిన్లూ ఆర్చర్లూ అనే సైనికుల్ని వదిలి, ఏరుకోవాల్సింది ఏరుకుని వచ్చేస్తాడు.

ఈ నెక్స్ట్ బటన్ సంగతి మానసిక శాస్త్రవేత్తలకి బాగా తెలిసిందే. అమెరికాలో స్కిన్నర్ అనే ఆయన 1950లలో పావురాలతో ప్రయోగాలు చేశాడు. మీట పొడిచిన ప్రతిసారీ గింజ ఇవ్వకుండా, ఎన్ని పొడుపులకి వస్తుందో తెలియకుండా ఇస్తే, పావురం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. గింజలు రావడం మానేశాక కూడా చాలాసేపు పొడుస్తుంది. ఆటల వ్యసనం గురించి రాసేవాళ్లందరూ ఈ పావురాల దగ్గరికి వచ్చి ఆగుతారు. నాకు మాత్రం అది సగం మాటే అనిపిస్తుంది. ఒట్టి అదృష్టం మీద నడిచే ఆటలు నేనూ చూశాను. పెట్టెలు తెరిచే ఆటలు, చక్రం తిప్పే ఆటలు. వాటి మీద మోజు తొందరగా తీరిపోయింది. ఇది తీరలేదు. ఎందుకు?

గోడల వల్ల.

ఈ ఆటలో మిగతా కట్టడాలకి ఎక్కువగా గంటలో రోజులో పడతాయి. గోడకి మాత్రం టైము లేదు. గోడలోని ఒక ముక్కకి బంగారం కట్టిన మరుక్షణం దాని స్థాయి పెరిగి రంగు మారుతుంది. టౌన్‌హాల్ 9వ స్థాయిలో అట్లాంటి ముక్కలు 250 ఉంటాయి, 11కి వచ్చేసరికి 300. ఒక్కొక్కదాని ఖరీదు ముందే రాసి ఉంటుంది. ఇన్ని దాడులు చేస్తే ఇంత వస్తుంది, ఇంత వస్తే ఇన్ని ముక్కలు లేస్తాయి. ఆ లెక్క ఎప్పుడూ తప్పదు. రాత్రి మొదట్లో పాత రంగులో ఉన్న వరుస తెల్లారేసరికి కొత్త రంగులోకి వస్తుంది. నెక్స్ట్ కొట్టడంలో ఉండేది అదృష్టం. గోడలో ఉండేది కూలి, పొద్దుగుంకేసరికి చేతిలో పడే కూలి. ఈ రెండూ కలిశాయి కాబట్టే ఆట ఇంతకాలం నిలబడింది. రెండిటిలో గట్టిగా పట్టుకునేది రెండోదే.

ఇందులో నాకు బాగా నచ్చిన చిన్న సంగతి ఒకటి ఉంది. ఊరి మూలల్లో చెట్లూ పొదలూ మొలుస్తుంటాయి. నరికితే 0 నుంచి 6 దాకా జెమ్స్ (ఆటలో విలువైన రత్నాలు) వస్తాయి. ఒకసారి 5, ఒకసారి సున్నా. లాటరీ అనే అనుకుంటాం. కానీ ఓపికున్న ఆటగాళ్లు రాసుకుంటూ పోయి కనిపెట్టారు: ఆ వరుస ముందే ఖాయమై ఉంది, ప్రతి 20 చెట్లకీ మొత్తం 40 జెమ్స్ వస్తాయి. సున్నా వచ్చినా ఎక్కడికీ పోలేదన్నమాట, తర్వాతి చెట్లలో ఉంది. అది తెలిశాక చెట్లు నరకడం తగ్గించిన మనిషి మా క్లాన్‌లో ఒక్కడూ లేడు. ఇంకా శ్రద్ధగా నరుకుతున్నారు. మనుషులకి కావలసింది ఒట్టి లాటరీయే అయితే అట్లా జరగదు.

గుంట మీద ఆ భరోసా లేదు. చెప్పినంత మేత చెప్పిన వేళకి వేస్తాం. రెండు గంటలాగి చెక్ ట్రే పైకి లాగుతాం. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు గట్టిగా ఉందా అని టార్చి వేసి చూస్తాం. నీళ్ల పరీక్ష, మందులు, డీజిల్. అన్నీ సరిగ్గా చేసినా పక్క గుంటలోంచి ఒక కొంగ తెల్లమచ్చ తెగులు తగిలిన రొయ్యని నోట కరుచుకొచ్చి మన గుంటలో పడేస్తే వారం పది రోజుల్లో కల్చర్ మొత్తం పోవచ్చు. 1990లలో టైగర్ రొయ్యకి ఆ తెగులు తగిలి ఈ తీరంలో ఎందరు అప్పులపాలయ్యారో మా నాన్న తరం వాళ్లు ఇప్పటికీ చెబుతారు. తెగులు రాకపోతే రేటు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకాన్ని 50 శాతానికి తీసుకుపోయినప్పుడు విడవలూరులో ఎవరేం తప్పు చేశారు? రొయ్యలు పట్టే రోజున కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) ఎంత వస్తుందో కొంతవరకు మన చేతిలో ఉంటుంది. ఆ కౌంట్‌కి ఎంతిస్తారన్నది బొత్తిగా ఉండదు.

అందుకే గ్రైండింగ్ చేసేవాళ్లని సోమరులు అంటే నాకు కోపం వస్తుంది. సోమరివాడు ఇది ఆడలేడు. పని మీద ఇష్టం ఉండి, చేసిన పనికి తగిన ఫలితం కళ్లతో చూడాలన్న ఆకలి ఉన్నవాడే దీనికి దొరుకుతాడు. మా క్లాన్‌లో కావలిలో సెల్ పాయింట్ నడిపే అతను ఉన్నాడు, కువైట్‌లో డ్రైవర్ ఉన్నాడు, గ్రూప్స్ పరీక్షకి ఏళ్లుగా చదువుతున్న పిల్లలు ఇద్దరున్నారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియక ఎదురుచూసే ఆ ఇద్దరివే క్లాన్‌లో అందరికన్నా నిండైన గోడలు.

పక్క గుంట కాపలా పిల్లోడు ఒకరాత్రి వచ్చి నా ఫోన్‌లోకి తొంగిచూశాడు.

"ఏందన్నా, ఇంకా ఎన్ని ఉండాయి?"

"నలభై ఉండాయిరా."

"అయి అయిపోతే?"

"కొత్త టౌన్‌హాల్ వస్తాది. మళ్లీ మొదటినించి."

"అట్టయితే అయిపోయేదెప్పుడన్నా?"

మంచి ప్రశ్న అది. టౌన్‌హాల్ 11 వచ్చింది 2015 డిసెంబర్‌లో. 12 వచ్చేసరికి 2018 జూన్. 13 2019 డిసెంబర్‌లో, 14 2021 ఏప్రిల్‌లో, 15 2022 అక్టోబర్‌లో, 16 2023 డిసెంబర్‌లో, 17 2024 నవంబర్‌లో. మొదట రెండున్నరేళ్లు ఆగినవాళ్లం, ఇప్పుడు ఏడాదికొకటి చూస్తున్నాం. గోడలన్నీ పూర్తయిన ఊరిని తీరిగ్గా చూసుకునే కాలం తగ్గిపోయింది. ఆటని బతికించాలంటే కొత్త సరుకు రావాలని నాకు తెలుసు. కానీ ఆడేవాడి వైపునుంచి చూస్తే, కూలికి చేరువయ్యే కొద్దీ పని పెరుగుతూ పోతోంది.

ఇంకో మార్పు గురించి క్లాన్‌లో అందరూ సంబరపడ్డారు, నాకు మాత్రం ఇప్పటికీ మనసు ఒప్పుకోదు. పాతరోజుల్లో సైన్యం తయారవడానికి టైము పట్టేది. పెక్కా అనే ఒక్క యోధుడికే 45 నిమిషాలు. దానికి ఎలిక్సిర్ ఖర్చు కూడా. 2022 జూన్‌లో ఆ ఖర్చు తీసేశారు, 2025 మార్చిలో ఎదురుచూపూ తీసేశారు. ఇప్పుడు ఒక దాడి అవగానే ఇంకో దాడికి సైన్యం సిద్ధం. సౌకర్యమే. కానీ ఆ ఎదురుచూపు మనకి తెలియకుండా ఒక మేలు చేసేది. సైన్యం లేదు కాబట్టి ఫోన్ జేబులో పెట్టి గట్టు మీద ఒక చుట్టు తిరిగొచ్చేవాళ్లం. ఇప్పుడు ఆపాల్సింది మనమే. రాత్రి రెండింటికి కళ్లు మండుతున్నప్పుడు 'ఇంకొక్కటి' అనే మాటకి అడ్డుచెప్పేది ఆటలో ఏదీ లేదు.

ఆ 'ఇంకొక్కటి' వెనకాల కూడా లెక్క ఉంది. అమెరికాలో ఇద్దరు పరిశోధకులు కార్లు కడిగే చోట చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. కొందరికి 8 ముద్రలు పడితే ఒకసారి ఉచితం అని ఖాళీ కార్డు ఇచ్చారు. ఇంకొందరికి 10 ముద్రల కార్డు ఇచ్చి, అందులో 2 ముందే వేసి ఇచ్చారు. ఇద్దరూ కడిగించాల్సింది ఎనిమిదిసార్లే. ఖాళీ కార్డు తీసుకున్నవాళ్లలో 19 శాతం పూర్తిచేశారు, ముందే రెండు పడ్డవాళ్లలో 34 శాతం. మొదలైపోయిందనిపిస్తే మధ్యలో వదలబుద్ధి కాదు మనిషికి. 250 గోడల్లో 210 లేచాక మిగిలిన నలభై ఊరుకోనివ్వవు.

2019 ఏప్రిల్‌లో వచ్చిన, డబ్బిచ్చి కొనుక్కునే గోల్డ్ పాస్ దీనికి గడువు తగిలించింది. నెల లోపల ఇన్ని పాయింట్లు, లేకపోతే ఆ బహుమతులు పోతాయి. రోజువారీ స్టార్ బోనస్, క్లాన్ గేమ్స్, సీజన్ ఛాలెంజ్‌లు అన్నీ ఈ కోవవే. ఇప్పుడు దాదాపు ప్రతి ఆన్‌లైన్ ఆటలోనూ ఏదో ఒక పేరుతో పాస్ ఉంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: గోడ కట్టడం సంతోషం, గడువు అందుకోవడం సంతోషం కాదు. గోడ ఎప్పుడైనా కట్టొచ్చు, అది ఎక్కడికీ పోదు. గడువున్న బహుమతి అట్లా కాదు. అది రాకముందే మనదైపోయినట్టు అనిపిస్తుంది, రాకపోతే ఏదో పోగొట్టుకున్న బాధ మిగులుతుంది. ఆట చెయ్యి దాటేది అక్కడే. పిల్లలున్న ఇళ్లలో పెద్దవాళ్లు చూడాల్సింది ఎన్ని గంటలు ఆడుతున్నారన్న దానికన్నా, ఆడని రోజున ఎట్లా ఉంటున్నారన్నది. ఆటల రుగ్మతకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలతలు కూడా గంటలు కావు. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కనబడుతున్నా ఆడటం, ఇవి మామూలుగా ఏడాదిపాటు ఉండటం. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న జబ్బుల జాబితాలో అది ఉంది.

దీన్నీ డబ్బు పెట్టి ఆడే ఆటల్నీ ఒకే గాటన కట్టేవాళ్లున్నారు. అది అన్యాయం. వాటిని మన రాష్ట్రం 2020లోనే, కేంద్రం 2025లో చట్టం చేసి నిషేధించాయి, మంచిపని. అక్కడ ఎంత కష్టపడ్డా గోడ లేవదు. ఇక్కడ లేస్తుంది, రూపాయి పెట్టకుండా లేస్తుంది. పెట్టాల్సింది వేళ మాత్రమే, ఆ వేళ మన దగ్గర నిజంగా ఖాళీగా ఉందా అన్నదే చూసుకోవాలి. రాత్రంతా ఊరికే మేలుకోవాల్సిన మనిషికి ఇంతకన్నా మంచి తోడు నేను చూడలేదు. పరీక్ష ముందున్నవాళ్లకి, పొద్దున్నే బండి నడపాల్సినవాళ్లకి మాత్రం చెప్పను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు జెమ్స్‌ని పనులు తొందరపెట్టడానికి తగలేయకండి. ముందు కట్టడాలు కట్టే బిల్డర్లని కొనండి. మూడోవాడికి 500 జెమ్స్, నాలుగోవాడికి 1000, అయిదోవాడికి 2000. చెట్లూ, క్లాన్ గేమ్సూ, ఆటలో వచ్చే మైలురాళ్లూ కలిపితే డబ్బు పెట్టకుండానే అయిదుగురూ వస్తారు, ఓపిక పట్టాలంతే. పాస్ కొనాలనే ఉంటే నెల మొదట్లో కొనకండి. చివరి రెండు రోజులదాకా ఆగండి. అప్పుడు కొన్నా, అప్పటిదాకా మీరు చేరిన మెట్లన్నిటి బహుమతులూ ఒకేసారి చేతికొస్తాయి. నెలంతా గడిచాక, అంత దూరం రాలేదని తేలితే ఆ డబ్బు మీ దగ్గరే ఉంటుంది.